వాన ముదిరితే డిష్ ఆగిపోతోంది, మబ్బుల బొమ్మ మాత్రం వస్తూనే ఉంది: ఎందుకని?

ప్రశ్న (రాజోలు రైతు):
సార్వా కోతల వేళ బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట వినపడితే, కోసి పనల మీద పరిచి ఉన్న చేను వెంటనే కుప్ప వేయించాలా, రెండు రోజులు ఆగవచ్చా అన్నది తేల్చుకోవడానికి నేను మొదట వాతావరణ శాఖ వారి ఉపగ్రహ చిత్రమే చూస్తాను. 2018 డిసెంబరులో పెథాయ్ తుపాను వచ్చిన రోజున మా ఇంట్లో టీవీ ‘సిగ్నల్ లేదు’ అని ఆగిపోయింది కాని, ఫోనులో మబ్బుల బొమ్మ మాత్రం మారుతూనే ఉంది. రెండూ ఉపగ్రహం నుంచి వచ్చేవే అయినప్పుడు ఈ తేడా ఎందుకు? మరొక సందేహం కూడా ఉంది. మొన్న బొమ్మలో మా మీద తెల్లటి మబ్బు దట్టంగా కనిపించింది, కూలీలను పిలిపించి కుప్ప వేయించాను, తీరా చుక్క వాన పడలేదు.

జవాబు (అమలాపురం డిష్ మెకానిక్):
మీ డిష్‌కు వచ్చేది కేయూ బ్యాండ్ తరంగం అండి. దాని పౌనఃపున్యం సుమారు 12 గిగాహెర్ట్జ్, పొడవు రెండున్నర సెంటీమీటర్లు. ధారగా పడే వాన ఆ తరంగాన్ని కొంత పీల్చుకుంటుంది, కొంత చెదరగొడుతుంది. కేబుల్ టీవీ వారి పెద్ద గొడుగులు పట్టే సీ బ్యాండ్ తరంగం ఇంతకు మూడింతల పొడవు ఉంటుంది కనుక, అదే వానలో కరెంటు ఉన్నంతసేపూ కేబుల్ నడుస్తుంది. ఇక మబ్బుల బొమ్మ ఉపగ్రహం నుంచి నేరుగా మీ ఫోనుకు రాదు. అది ముందు ఢిల్లీలోని వాతావరణ శాఖ కేంద్రానికి దిగి, అక్కడి నుంచి ఇంటర్నెట్ మీద మీకు చేరుతుంది. రాజోలు వాన దాని దారిలోనే లేదు.

అయితే చిన్న జల్లుకే సిగ్నల్ పోతుంటే తప్పు వానది కాదు. ఎల్ఎన్‌బీ, అంటే డిష్ ముందు కడ్డీ చివర సిగ్నల్ పట్టే డబ్బా, దాని దగ్గర వైరు బిగించిన చోట ఒకసారి విప్పి చూడండి, మన ఉప్పుగాలికి ముందు దెబ్బ తినేది అదే. మార్చి మధ్యలోను, సెప్టెంబరు చివర్లోను మిట్టమధ్యాహ్నం కొన్ని నిమిషాలు టీవీ బొమ్మ చెదిరితే మాత్రం ఎవరినీ పిలవకండి. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చాడని అర్థం, నాలుగు రోజుల్లో అదే సర్దుకుంటుంది.

జవాబు (భౌతికశాస్త్ర అధ్యాపకుడు, భీమవరం):
పై జవాబుకు ఒక సవరింపు వంటిది చేరుస్తాను. టీవీ, మబ్బుల బొమ్మ ఇప్పుడు ఒకే ఉపగ్రహం నుంచి రావు కూడా. 1983 ఆగస్టులో ఛాలెంజర్ షటిల్ మోసుకుపోయిన ఇన్‌శాట్-1బీ టెలిఫోను, టీవీ, మబ్బుల చిత్రాలు అన్నిటినీ ఒక్కటే చూసుకునేది. అంతకు ముందటి ఏడాది పంపిన 1ఏ కొన్ని నెలలకే పాడైపోయింది. 2002లో పీఎస్ఎల్‌వీ మీద వెళ్లిన కల్పన-1 వాతావరణానికే ప్రత్యేకించినది. ఇప్పుడు ఆ పనిని 2016లో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇన్‌శాట్-3డీఆర్, 2024 ఫిబ్రవరిలో వెళ్లిన 3డీఎస్ చేస్తున్నాయి. భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తున, భూమి తిరిగే వేగంతోనే తిరుగుతాయి కనుక మనకు కదలనట్టే ఉంటాయి, బంగాళాఖాతాన్ని రేయింబవళ్లు కనిపెట్టి ఉండగలుగుతాయి.

మీ రెండో సందేహానికి వస్తే, మీరు చూసినది బహుశా పరారుణ చిత్రం. అందులో తెలుపు అంటే వాన అని కాదు, మబ్బు పైభాగం బాగా చల్లగా ఉందని మాత్రమే. ఎంతో ఎత్తున పల్చగా పరుచుకున్న మంచు మబ్బు కూడా అలాగే తెల్లగా కనిపిస్తుంది, దాని కింద చేను ఎండలోనే ఉండవచ్చు. వెలుతురుతో పని లేకుండా వేడిని కొలుస్తుంది కనుకనే అర్ధరాత్రి కూడా బొమ్మ వస్తుంది. పైగా ఆ చిత్రంలో ఒక్కొక్క చుక్క నేల మీద సుమారు నాలుగు కిలోమీటర్ల మేర, అంటే మీ ఊరూ పక్క ఊరూ ఒకే చుక్కలో పడిపోతాయి. తుపాను ఎక్కడ ఉంది, ఎటు కదులుతోంది అన్నదానికి ఉపగ్రహాన్ని నమ్మండి. మరో గంటలో మన మీద వాన పడుతుందా అన్నదానికి వాన ఎక్కడ పడుతోందో నేల మీద నుంచే పట్టి చూపే మచిలీపట్నం డాప్లర్ రాడార్ చిత్రం చూడాలి.

జవాబు (అంతర్వేది నుంచి):
వేట మీద ఉన్నవారికి ఆ ఉపగ్రహాలతో ఇంకొక ఉపయోగం ఉంది. పడవలో ఉంచుకునే 406 మెగాహెర్ట్జ్ బీకన్ మీట నొక్కితే, ఆ ఆపద సంకేతాన్ని అందుకుని రక్షణ కేంద్రానికి చేరవేసే పరికరం కూడా 3డీఆర్‌లో ఉంది. ఒడ్డున ఉన్నవారి కోసం ఇన్‌శాట్ ద్వారా సైరను మోగించి తెలుగులో హెచ్చరిక వినిపించే పెట్టెలను తీరం వెంబడి కార్యాలయాల్లో అమర్చిన రోజులు నాకు గుర్తున్నాయి. అటువంటి పెట్టె ఒకదాని ప్లగ్గు పీకి, అదే సాకెట్టుకు టేబుల్ ఫ్యాను పెట్టుకున్న కార్యాలయాన్ని కూడా నేను కళ్లారా చూశాను. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకు కోనసీమ ఏమైందో చూసినవాడిని కనుక ఆ ఫ్యాను నాకు నవ్వు తెప్పించలేదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం ఎల్ఎన్‌బీ విప్పించాను. లోపలి రాగి తీగ పచ్చగా చిలుము పట్టి, ముట్టుకుంటే విరిగిపోయింది. రాడార్ చిత్రం కూడా ఫోనులో పెట్టుకున్నాను. అవతలి అరెకరం ఇంకా పనల మీదే ఉంది.