స్విచ్ ఆఫ్ చేసినా కెమెరా బ్యాటరీ అయిపోతోంది, ఎందుకు?

ప్రశ్న:
నాలుగేళ్లుగా వాడుతున్న మిర్రర్‌లెస్ కెమెరా. ఫుల్ చార్జ్ చేసి, బ్యాటరీ లోపల పెట్టి, స్విచ్ ఆఫ్ చేసి బ్యాగులో పెడతాను. మూడు రోజుల తర్వాత తీస్తే ఆన్ కూడా అవట్లేదు, మధ్యలో ఒక్క ఫొటో కూడా తీయలేదు. రెండు నెలల క్రితం వరకు ఈ ఇబ్బంది లేదు. బ్యాటరీ కెమెరాతో వచ్చిందే, 1020 ఎంఏహెచ్. కొత్తది కొందామంటే, లోపం కెమెరాలో ఉంటే అదీ ఇలాగే అయిపోతుంది కదా. వచ్చే వారం ప్రయాణం ఉంది, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
కొత్త బ్యాటరీ ఇప్పుడే కొనకండి. ఫుల్ చార్జ్ చేసి, కెమెరాలో పెట్టకుండా మూడు రోజులు విడిగా ఉంచి, అప్పుడు పెట్టి చూడండి. బాగున్న లిథియం అయాన్ బ్యాటరీ ఊరికే పడి ఉంటే నెలంతా కలిపినా కొద్ది శాతమే తగ్గుతుంది. విడిగా ఉన్నా ఖాళీ అయిపోతే బ్యాటరీ పాడైనట్టే, నిండుగా ఉంటే మాత్రం కెమెరానే తాగేస్తోంది. లెక్క చూడండి, 1020 ఎంఏహెచ్ 72 గంటల్లో అయిపోయిందంటే సగటున 14 మిల్లీఆంపియర్లు ఆగకుండా పోతున్నాయి. ఆఫ్‌లో ఉన్న కెమెరా గడియారం నడవడానికి అంత అక్కర్లేదు, లోపల ఇంకేదో పనిచేస్తూనే ఉంది.

జవాబు 2:
నాకు బ్లూటూత్ మీదే అనుమానం. ఫోన్‌తో జత చేస్తే కొన్ని కెమెరాలు ఆఫ్‌లో ఉన్నా ఆ కనెక్షన్ వదలవు, మనం బ్యాగులో పెట్టేశాక కూడా ఫోన్ నుంచి ఫొటోలు చూసుకోవడానికి ఆ ఏర్పాటు. జీపీఎస్ ఉన్న వాటిలో, దారి నమోదు చేసే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే అదీ అంతే. మెనూలో ఎయిర్‌ప్లేన్ మోడ్ ఉంటే అది పెట్టేసి చూడండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ చాలా థాంక్స్. విడిగా పెట్టిన బ్యాటరీ మూడు రోజులైనా నిండుగానే ఉంది. మెనూలో చూస్తే బ్లూటూత్ ఆన్‌లో ఉంది, సరిగ్గా రెండు నెలల క్రితమే ఫొటోలు పంపుకోవడానికి ఫోన్‌తో జత చేశాను, ఆ సంగతే గుర్తు లేదు! ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి ఇవాళ్టికి రెండో రోజు, ఒక్క గీత కూడా తగ్గలేదు. ఒకటే సందేహం, బ్యాటరీ మళ్లీ పెట్టగానే తేదీ, సమయం అడిగింది. ఇది వేరే లోపమా?

జవాబు 1:
అది వేరే విషయం. గడియారం కోసం లోపల చిన్న బ్యాకప్ బ్యాటరీ ఉంటుంది, చాలా కెమెరాల్లో అది పెద్ద బ్యాటరీ నుంచే చార్జ్ అవుతుంది. మీది ఖాళీ అయిపోయి ఉంటుంది. చార్జ్ ఉన్న బ్యాటరీని రెండు రోజులు తీయకుండా కెమెరాలోనే ఉంచి, తర్వాత ఒక పది నిమిషాలు తీసి పెట్టండి. అప్పుడూ తేదీ అడిగితే ఆ చిన్నది పాడైనట్టు, సర్వీస్‌లో మార్చాలి. ప్రయాణం తర్వాత చూపించుకోవచ్చు, ఫొటోలకు దానితో ఇబ్బంది లేదు, బయల్దేరే ముందు తేదీ ఒకసారి సరిచూసుకోండి చాలు.