మొక్కజొన్నను 12 మీటర్ల ఎత్తుకు ఎక్కించడానికి ఏ యంత్రం సరైనది?

ప్రశ్న: మేడ్చల్ దాణా మిల్లు

అందరికీ నమస్కారం. మేడ్చల్ దగ్గర మాకు కోళ్ల దాణా మిల్లు ఉంది. ఇప్పటివరకు హమాలీలే బస్తాలను మెట్ల మీదుగా మోసి, గింజను సుత్తులతో పొడి చేసే హ్యామర్ మిల్లు పైనున్న హాపర్‌లో (గరాటు తొట్టిలో) పోస్తున్నారు. కొత్తగా కట్టే షెడ్డులో గింజ నిల్వ బిన్నును ఎత్తున నిలిపి, నేల మీది గుంతలో పోసిన మొక్కజొన్న యంత్రంతోనే పైకి వెళ్లేలా చేయాలనుకుంటున్నాము. గంటకు 10 టన్నులు కావాలి, బిన్ను నోరు నేల నుంచి 12 మీటర్ల ఎత్తున ఉంటుంది, షెడ్డు పొడవు 18 మీటర్లే. ఒకరు గొట్టంలో తిరిగే మరతో సరుకును నెట్టే నిలువు స్క్రూ కన్వేయర్ చాలన్నారు, మరొకరు నిలువు బెల్టుకు బిగించిన బకెట్లతో ఎత్తే బకెట్ ఎలివేటరే సరైనదన్నారు, ఇంకొకరు గాలితో గొట్టంలో పంపితే షెడ్డులో దుమ్మే ఉండదన్నారు. ధరలు సరిపోల్చే ముందు వేటిని ఆలోచించాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు. అలాగే డీఓబీ అని మనం పిలిచే నూనె తీసిన తవుడును, సోయా చెక్కను, రాతి గ్రిట్‌ను (దాణాలో కలిపే రాతి రవ్వను) కూడా అదే యంత్రంతో ఎక్కించవచ్చా?

జవాబు: బాలానగర్ ఫ్యాబ్రికేషన్

మీరు ఇచ్చిన కొలతలకు బకెట్ ఎలివేటర్ తప్ప మరొకటి నేను సూచించను. మామూలు బెల్టు కన్వేయర్ చవకే గానీ, మొక్కజొన్న వంటి గుండ్రటి గింజ 15 డిగ్రీలకు మించిన వాలులో వెనక్కి దొర్లడం మొదలుపెడుతుంది. ఆ వాలుతో 12 మీటర్లు ఎక్కించాలంటే నేల మీద సుమారు 45 మీటర్ల పొడవు కావాలి, మీ షెడ్డు అందులో సగం కూడా లేదు. స్క్రూ కన్వేయర్‌ను అడ్డంగా వాడినప్పుడు అది నమ్మకమైన యంత్రం. వాలు పెంచేకొద్దీ సరుకు రెక్కల మీద నుంచి వెనక్కి జారుతుంది కాబట్టి 45 డిగ్రీల దగ్గరే దాని సామర్థ్యం సగానికి దగ్గరగా పడిపోతుంది. నిలువుగా పెట్టాలంటే చాలా వేగంగా తిప్పాలి. అప్పుడు గింజ గొట్టం గోడకు రాసుకుంటూనే పైకి పోతుంది, కరెంటూ అరుగుదలా రెండూ పెరుగుతాయి. నాలుగైదు మీటర్ల ఎత్తుకు సరిపోయే యంత్రాన్ని 12 మీటర్లకు సాగదీయడం నాకు సమ్మతం కాదు.

బకెట్ ఎలివేటర్‌లో గింజ బకెట్‌లో కూర్చుని పైకి వెళుతుంది, రాపిడి దాదాపు అడుగు భాగంలోనే ఉంటుంది. గంటకు 12 టన్నులను 12 మీటర్లు ఎత్తడానికి లెక్క ప్రకారం అర కిలోవాట్ కూడా పట్టదు. నష్టాలు, నిండుగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయాల్సి రావడం అన్నీ కలుపుకున్నా 3 హెచ్‌పీ మోటారు చాలు. ఒక లీటరు బకెట్లను 250 మిల్లీమీటర్ల దూరంలో బిగించి, బెల్టును సెకనుకు 1.6 మీటర్ల వేగంతో నడిపి, బకెట్ 75 శాతం నిండుతుందని అనుకుంటే గంటకు సుమారు 17 ఘనపు మీటర్లు వస్తుంది. ఘనపు మీటరు మొక్కజొన్న సుమారు 720 కిలోలు తూగుతుంది కాబట్టి అది 12 టన్నులకు పైమాటే.

కొటేషన్‌లో టన్నులు మాత్రమే రాసి ఇస్తే ఒప్పుకోవద్దు. అదే ఎలివేటర్‌లో ఘనపు మీటరుకు 300 కిలోలు తూగే తవుడు పోస్తే గంటకు 5 టన్నులే ఎక్కుతుంది. ఏ సరుకుకు, ఎంత సాంద్రతకు ఆ టన్నులో స్పష్టంగా రాయించుకోండి.

జవాబు: చర్లపల్లి పప్పు మిల్లు

పై సలహాతో ఏకీభవిస్తున్నాను, కానీ గింజ పగులుతుందని స్క్రూను తోసిపుచ్చేవారి మాట మీ విషయంలో అంతగా వర్తించదని గమనించాలి. మాకు కందిపప్పు బద్ద విరిగితే అది నూకగా మారి ధర పడిపోతుంది కాబట్టి, గాలి గొట్టాలనూ వేగంగా తిరిగే స్క్రూలనూ మేము దగ్గరికి రానివ్వము. మీ మొక్కజొన్న ఎలాగూ హ్యామర్ మిల్లులోకే వెళుతుంది, కొద్దిగా పగిలినా మీకు నష్టం లేదు. మీరు స్క్రూను వద్దనుకోవాల్సింది ఎత్తు వల్ల, కరెంటు వల్ల. గుంత నుంచి ఎలివేటర్ అడుగు వరకు అడ్డంగా సరుకు చేరవేయడానికి మాత్రం చిన్న స్క్రూ చక్కగా పనికొస్తుంది.

మేడ్చల్ దాణా మిల్లు

ఇద్దరికీ ధన్యవాదాలు. గాలి పద్ధతి గురించి ఎవరూ వివరించలేదు. దుమ్ము లేకపోవడమే నిజమైతే ఖర్చు ఎక్కువైనా ఆలోచిస్తాము, ఎందుకంటే షెడ్డులో పనిచేసేవారి ఊపిరితిత్తుల సంగతి మాకు ముఖ్యం. ఎలివేటర్ ఎత్తు సరిగ్గా 12 మీటర్లు ఉంటే సరిపోతుందా?

జవాబు: ప్రాసెస్ ఇంజనీర్, పటాన్‌చెరు

గాలితో గింజను తేల్చి తీసుకువెళ్లాలంటే గొట్టంలో గాలి సెకనుకు 20 మీటర్లకు మించిన వేగంతో వీయాలి. ఆ గాలిని పుట్టించే బ్లోయర్‌కు, అదే పని చేసే ఎలివేటర్ కంటే పది రెట్లకు మించిన కరెంటు ఖర్చవుతుంది. పైగా గొట్టం మలుపులు అరిగిపోతాయి, చివర గాలి నుంచి సరుకును వేరుచేసే సైక్లోను, దుమ్మును పట్టే బ్యాగ్ ఫిల్టరు తప్పవు, అంటే దుమ్ము మాయం కాదు, ఫిల్టరు దగ్గరకు చేరుతుంది. దారి మెలికలు తిరిగి ఉన్నప్పుడు, లేదా ఒకే చోటు నుంచి అయిదారు బిన్నులకు పంపాల్సి వచ్చినప్పుడు ఆ ఖర్చు సమంజసమే. నిటారుగా ఒకే బిన్నుకు పంపడానికి కాదు. మీ పనివారి ఊపిరితిత్తుల కోసమైతే ఎలివేటర్ కాళ్లను (బెల్టు ఎక్కే, దిగే నిలువు పెట్టెలను) పూర్తిగా మూసి, అడుగున సరుకు పడే చోటా పైన బిన్ను నోటి దగ్గరా దుమ్మును పీల్చే గొట్టాలు పెట్టించండి.

ఎత్తు విషయంలో చాలామంది పొరపడతారు. ఎలివేటర్ తల నుంచి బిన్నులోకి సరుకు జారి దిగే గొట్టానికి, అంటే చ్యూట్‌కు, వాలు కావాలి. ఎండిన మొక్కజొన్నకు 45 డిగ్రీలు సరిపోతాయి గానీ, చెక్క, తవుడు వంటి పొడులకు 60 డిగ్రీల వరకు ఉంటేనే అతుక్కోకుండా దిగుతాయి. బిన్ను నోరు ఎలివేటర్‌కు 2 మీటర్లు పక్కకు ఉంటే 45 డిగ్రీల చ్యూట్‌కే మరో 2 మీటర్ల ఎత్తు, పొడులకైతే దాదాపు మూడున్నర మీటర్లు కలుస్తాయి. తల పెట్టె, దాని మీద మరమ్మతుకు నిలబడే వేదిక వేరు. పైకప్పు ఎత్తు ఖరారు చేయకముందే ఈ లెక్క వేయించండి.

బెల్టు వేగాన్ని పై పుల్లీ వ్యాసంతో కలిపే చూడాలి. 500 మిల్లీమీటర్ల పుల్లీకి సెకనుకు 1.6 మీటర్లంటే నిమిషానికి సుమారు 61 చుట్లు. అక్కడ గింజ బకెట్ నుంచి విసిరినట్టుగా బయటకు వెళ్లి చ్యూట్‌లో పడుతుంది. వేగం బాగా తగ్గిస్తే గింజ వెనక్కి దిగే కాలులోకి రాలి మళ్లీ అడుగుకు చేరుతుంది. అతిగా పెంచితే తల పెట్టెకు కొట్టుకుంటుంది, లేదా బకెట్ వదలకుండానే వెనక్కి తిరిగిపోతుంది. మోటారు నడుస్తున్నా బిన్ను నిండడం లేదంటే ముందు ఇక్కడే చూడాలి.

దుమ్మును ఊపిరి సమస్యగానే చూడవద్దు. ధాన్యపు దుమ్ము గాలిలో కలిసినప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలు. అమెరికాలోని లూసియానాలో 1977 డిసెంబరు 22న వెస్ట్‌వెగో ధాన్యాగారం పేలి 36 మంది చనిపోయారు. 2008 ఫిబ్రవరి 7న జార్జియాలోని పోర్ట్ వెంట్‌వర్త్ చక్కెర కర్మాగారంలో 14 మంది ప్రాణాలు కోల్పోయారు. అక్కడ చక్కెర నిల్వ చేసే ఎత్తైన బిన్నుల (సైలోల) కింద బెల్టు కన్వేయర్‌ను కొత్తగా రేకులతో మూసివేయడంతో దాని లోపల దుమ్ము పేరుకుంది. మీ ఎలివేటర్ కూడా మూసిన పెట్టే కాబట్టి బేరింగులను పెట్టె బయట ఉంచాలి, బెల్టు ఒరిగి రేకుకు రాసుకుంటే ఆపే సెన్సరూ, వేగం తగ్గితే మోటారును ఆపే స్విచ్చూ పెట్టాలి, బెల్టు స్థిర విద్యుత్తును పోగుచేయని రకమై ఉండాలి. గుంత దగ్గర అయస్కాంతం పెడితే బస్తాల్లో వచ్చే మేకులు, తీగముక్కలు లోపలికి పోవు. పేలుడు ఒత్తిడిని బయటకు వదిలే తలుపులు మనుషులు తిరగని వైపుకు తెరుచుకోవాలి. ఎలివేటర్ మీద వెల్డింగ్ చేయాలంటే లోపలి దుమ్మంతా తీసేశాకే చేయించండి.

రాతి గ్రిట్‌ను ఈ దారిలో ఎక్కించకండి. అది మొక్కజొన్నకు దాదాపు రెట్టింపు బరువు, బకెట్లను, చ్యూట్‌ను అరగదీస్తుంది. దానికి హ్యామర్ మిల్లుతో పని లేదు కాబట్టి మిక్సర్ దగ్గరే కలుపుకోవచ్చు.

జవాబు: బాలానగర్ ఫ్యాబ్రికేషన్

పై సూచనలకు రెండు చేర్చుతాను. గేర్ బాక్స్ దగ్గర బ్యాక్‌స్టాప్ (వెనక్కి తిరగకుండా ఆపే పరికరం) తప్పనిసరిగా అడగండి. కరెంటు పోగానే నిండిన బకెట్ల బరువుకు బెల్టు వెనక్కి తిరిగి సరుకంతా అడుగున పడితే, పెట్టె ఊడదీయకుండా మళ్లీ స్టార్ట్ కాదు. అడుగు భాగానికి రెండు వైపులా తీసి శుభ్రం చేసే తలుపులు ఉండాలి. బకెట్లు అందుకోలేని పొర ఒకటి అక్కడ ఎప్పుడూ మిగిలే ఉంటుంది, వానాకాలంలో అది తడిసి బూజు పడితే ఆ విషం కొత్త సరుకులో కలుస్తుంది. అఫ్లాటాక్సిన్ అనే ఆ బూజు విషం కోళ్ల కాలేయాన్ని ఎంత దెబ్బతీస్తుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ తలుపు తీసేటప్పుడు మెయిన్ స్విచ్ దింపి తాళం వేసి, తాళంచెవి లోపల చెయ్యి పెట్టే మనిషి జేబులోనే ఉంచాలి.

బెల్టు, బేరింగులు రాణిగంజ్‌లో దొరికే సైజులే ఎంచుకుంటే సీజన్ మధ్యలో మిల్లు ఆగదు.

మేడ్చల్ దాణా మిల్లు

బకెట్ ఎలివేటర్‌కే వెళుతున్నాము. గ్రిట్‌ను మిక్సర్ దగ్గరే కలుపుతాము. డీఓబీ, సోయా చెక్క కూడా ఎక్కించాలి కాబట్టి చ్యూట్‌ను 60 డిగ్రీలకే గీయించి, దాన్నిబట్టి పైకప్పు ఎత్తు మార్చమని షెడ్డు కడుతున్న ఇంజనీరుకు ఈ రోజే చెప్పాము.