టోపిరామేట్ వాడేవాళ్లు ఈ తిమ్మిర్లు, మాట తడబాటు ఎట్లా తట్టుకుంటున్నారు?

మాది దేవరకొండ దగ్గర. మైగ్రేన్‌కి డాక్టర్ టోపిరామేట్ 25 ఎంజీతో మొదలుపెట్టి 50కి పెంచారు, తలనొప్పి నిజంగానే తగ్గింది, కానీ వేళ్ల చివర్లు, పెదాల చుట్టూ ఒకటే తిమ్మిర్లు, సోడా తాగినా చప్పగా ఉంటోంది, అన్నిటికన్నా బాధ ఏంటంటే షాపులో గిరాకీతో మాట్లాడుతుంటే రోజూ వాడే మాట కూడా నోటికి రాక "అదే, అది" అంటూ నిలబడిపోతున్నా. ఈ మందుతో చెమట తగ్గొచ్చు, కిడ్నీలో రాళ్లు రావచ్చు, నీళ్లు బాగా తాగమన్నారు. మన నల్లగొండ ఎండలు తెలుసు కదా, అందుకే టెన్షన్. మందు మానాలని లేదు, మళ్లీ ఆ వాంతులు, చీకటి గదిలో పడుకోవడం నావల్ల కాదు. ఈ తడబాటు కొన్నాళ్లకి తగ్గుతుందా? ఎండాకాలం మీరెట్లా గడిపారు? వచ్చే వారం డాక్టర్ దగ్గరికి పోతున్నా, ఏమేం అడగాలో వాడినవాళ్లు దయచేసి చెప్పండి.