‘మాస్టారు వచ్చారు, టీచర్ వచ్చింది’

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. మహత్తు, అమహత్తు పాఠం దగ్గర ఆగిపోయింది. ‘అతడు వచ్చాడు, ఆమె వచ్చింది, ఆవు వచ్చింది. మమ్మల్ని తీసుకెళ్లి ఆవుతో ఎందుకు కలిపారమ్మా?’ అని నిలదీసింది. నాకు జవాబు తోచలేదు. తెలిసినవారు చెప్పగలరా?

జవాబు: అమ్మాయి కోపంలో న్యాయం ఉందండీ. స్త్రీలు, పశుపక్ష్యాదులు, ప్రాణం లేని వస్తువులు పోగా మిగిలినవే మహత్తులని పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణంలో (1858) సూత్రీకరించారు. మహత్తు అంటే గొప్పదని అర్థం తెలిసిన పిల్లకు, తాను ఆ గీతకు అవతల ఉన్నానని తెలిస్తే మనసు చివుక్కుమనదా?

అయితే ఆ విభజన చిన్నయసూరి పుట్టించినది కాదు. తమిళంలో వందాన్ (అతడు వచ్చాడు), వందాళ్ (ఆమె వచ్చింది), వందదు (అది వచ్చింది) అని మూడు క్రియలుంటే తెలుగు ఏకవచనంలో రెండే ఉన్నాయి. బహువచనంలో మాత్రం మన ఆడవాళ్లు మనుషుల్లో చేరతారు: స్త్రీలు వచ్చారు, ఆవులు వచ్చాయి. ఆదిలాబాద్ ప్రాంతంలో వినిపించే గోండి, కొలామి భాషల్లో బహువచనంలో కూడా ఆడవాళ్లకు, పశువులకు ఒకే రూపం. ద్రావిడ భాషలన్నిటికీ తల్లి అయిన మూలద్రావిడంలో ఉన్నది ఈ పద్ధతేనని భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి వాదించారు. వేల ఏళ్లుగా వస్తున్న ఈ క్రియారూపంతో నాకు తగాదా లేదు.

నా తగాదా ‘వచ్చారు’తో. ఈ గౌరవరూపానికి లింగభేదం లేదు, ఎవరికైనా వాడవచ్చు. వడ్డించే దగ్గరే పక్షపాతం. ఒకే బడిలో, ఒకే చదువు చదివి, ఒకే జీతం తీసుకునే ఇద్దరు పాఠం చెబుతుంటారు. పిల్లలు ఒకరిని ‘మాస్టారు వచ్చారు’ అంటారు, పక్క గదిలోకి వెళ్లినామెను ‘టీచర్ వచ్చింది’ అంటారు. ఆ పిల్లలకు ఎవరూ నేర్పలేదు, ఇంట్లో విన్నారు. ‘నాన్నగారు భోంచేశారా? అమ్మ తిన్నదా?’ అమ్మకు ఏకవచనం చనువు కొద్దీ వస్తుందని అంటారు. ఆ చనువు నాన్న దగ్గర ఎందుకు ఉండదో ఎవరూ చెప్పరు. భర్తను ‘మీరు’ అని, భార్యను ‘నువ్వు’ అని పిలుచుకునే ఇళ్లు ఇప్పటికీ ఎన్నో.

సాహిత్యంలో ఇది ఇంకా లోతుగా పాతుకుంది. ‘పోతన రాశాడు, మొల్ల రాసింది’ అంటే పేచీ లేదు, ఇద్దరికీ ఏకవచనమే. కానీ పోతనను ఇంటిపేరుతో బమ్మెర పోతన అంటాం. మొల్లకు ఆతుకూరి అనే ఇంటిపేరు ఉన్నా కుమ్మరి మొల్ల అని కులంతోనే ఎక్కువగా పిలిచాం. భండారు అచ్చమాంబ స్త్రీల జీవిత చరిత్రలు రాశారు. 1902లోనే ‘ధనత్రయోదశి’ కథ రాశారు. అయినా తెలుగు కథ చరిత్రను చాలాకాలం 1910 నాటి గురజాడ ‘దిద్దుబాటు’తోనే మొదలుపెట్టారు. ఇక అచ్చమాంబ అనగానే చరిత్ర పరిశోధకులు కొమర్రాజు లక్ష్మణరావుగారి అక్క అని మొదలుపెడతారు. ఎవరి అక్క, ఎవరి భార్య అన్నది తేలాక గానీ ఏం రాశారన్న మాట రాదు. నేటి పుస్తక సమీక్షల్లో కూడా ఒకే పేజీలో ‘ఆయన చిత్రించారు’, ‘ఆమె చిత్రించింది’ అన్న వాక్యాలు నాకు తరచూ ఎదురవుతున్నాయి. అవి చూసినప్పుడల్లా కష్టంగా ఉంటుంది.

ప్రశ్న: మా అమ్మాయికి చదివి వినిపించానండీ. ‘మరి ఆమె రాశారు అంటే కృతకంగా ఉండదా?’ అంటోంది. వాళ్ల తెలుగు మాస్టారు అలా అన్నారట.

జవాబు: ‘రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము ప్రసంగించారు’ అని పత్రికలు రాస్తూనే ఉన్నాయి కదా. అది ఎవరికీ కృతకంగా తోచలేదు. పదవికి ఇచ్చిన ‘రు’ను కథ రాసినామెకు, పాఠం చెప్పినామెకు, వండి పెట్టినామెకు ఇవ్వడానికి వ్యాకరణం ఏమీ అడ్డు రాదు. ఇద్దరినీ ఏకవచనంలో రాసినా నాకు సమ్మతమే. ఒకే పేజీలో ఆయనకొకటి, ఆమెకొకటి వద్దు. అమ్మాయిని ఈసారి బడి పత్రికకు వ్యాసం రాసేటప్పుడు క్రియలన్నీ ఒకసారి సరిచూసుకోమనండి.