నూనె క్యాన్‌తో చేసిన నీళ్ల డబ్బా మధ్యాహ్నానికి పొంగిపోతోంది, ఎందుకు?

ప్రశ్న (కళ్యాణదుర్గం దగ్గర పల్లె నుంచి):
అందరికీ నమస్కారం. ఇంటి వెనక నలభై నాటుకోడి పిల్లల్ని సాకుతున్నాను, మూడు వారాలవి. ఖాళీ అయిన 5 లీటర్ల నూనె క్యాన్‌ను సబ్బునీళ్లతో కడిగి, అడుగు దగ్గర రెండు బెజ్జాలు పెట్టి, పాత స్టీలు పళ్లెంలో నిలబెట్టాను. బెజ్జాలకు టేపు వేసి నింపి, మూత బిగించాక టేపు తీస్తాను. పొద్దున బాగానే ఉంటుంది, పదకొండు దాటితే మాత్రం పళ్లెం అంచు మీంచి నీళ్లు కారడం మొదలై, రెండింటికల్లా చుట్టూ ఉన్న శెనక్కాయ పొట్టంతా ముద్దవుతుంది. బెజ్జాలు అంచుకన్నా కిందే ఉన్నాయి, రెండుసార్లు చూసుకున్నా, క్యాన్ ఎక్కడా చీలలేదు. నిన్న మూడు పిల్లలకు రెట్టలో నెత్తురు పడింది, ఒకటి చచ్చిపోయింది. చాలా టెన్షన్‌గా ఉంది. ఇంకొకటి, పాత సామాన్ల కొట్లో పెద్ద పురుగుమందు క్యాన్లు చవగ్గా ఉన్నాయి, బాగా కడిగితే వాడొచ్చా?

జవాబు (జమ్మలమడుగు):
తమ్ముడూ, క్యాన్ సంగతి తర్వాత, ముందు ఆ నెత్తురు చూడు. ఈ వయసులో అట్లా పడితే ఎక్కువగా కాక్సిడియోసిస్, అంటే పేగుల్లో క్రిములు చేరి వచ్చే నెత్తురు విరేచనాల రోగం. రెట్టతో బయటపడే ఆ క్రిములు తడి, వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే ముదిరి మిగతా పిల్లలకు అంటుకుంటాయి, నీ దగ్గర ఆ రెండూ ఉన్నాయి. ఈ రోజే పశువుల డాక్టరుకు చూపించు, నీళ్లలో కలిపే మందు ఇస్తారు, డోసు ఆయన చెప్పినట్టే వెయ్యి. నెత్తురు పడిన పిల్లల్ని వేరే పెట్టు. తడిసిన పొట్టంతా ఎత్తి దూరంగా పారెయ్. కొత్తది వేసేముందు చేత్తో తీసుకుని వాసన చూడు, బూజు పట్టిందైతే వద్దు, ఆ బూజు పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది.
పురుగుమందు క్యాన్ మాత్రం ఎన్నిసార్లు కడిగినా వద్దు. మందు ప్లాస్టిక్‌లోకి ఇంకి ఉంటుంది. ఆ కోళ్ల గుడ్లు తినేది మన పిల్లలే.

జవాబు (కోడుమూరు):
నీ బెజ్జాల్లో తప్పు లేదు తమ్ముడూ. క్యాన్ ఎండలో ఉందా? నీళ్లన్నీ ఒక్కసారిగా దిగిపోకుండా ఆపుతున్నది బయటి గాలి ఒత్తిడి. పిల్లలు తాగేకొద్దీ క్యాన్ పైభాగంలో గాలి చేరుతుంది, మన ఎండకు అది వేడెక్కి ఉబ్బి కింది నీళ్లను బెజ్జాల్లోంచి తోస్తుంది. మూడు లీటర్ల గాలి 15 డిగ్రీలు వేడెక్కితే గ్లాసుడు నీళ్లు బయటపడతాయి. పోయిన ఎండాకాలం నాకూ ఇదే జరిగింది, కనుక్కునేలోపే పది పిల్లలు పోయాయి, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.
నూనె క్యాన్ గోడ పల్చన, పిల్ల ఎక్కి కూర్చున్నా లోపలికి నొక్కుకుని నీళ్లు బుడుక్కున వస్తాయి. మందంగా ఉండే ఊరగాయ డబ్బా అయితే మేలు. నీడలో పెట్టి, తడి గోనెసంచి చుట్టి, మధ్యాహ్నం ఒకసారి మళ్లీ నింపు, లోపల గాలి తక్కువైతే తోసేదీ తక్కువే. కింద నాలుగు ఇటుకల మీద పాత ఇనుప జాలీ ముక్క పరిచి దానిపైన పళ్లెం పెట్టు, ఒలికినా పొట్టు తడవదు. పళ్లెం అంచు పిల్లల వీపు ఎత్తుకు రావాలి, అవి పెరిగేకొద్దీ ఇంకో ఇటుక వెయ్యి.

ప్రశ్న అడిగిన వ్యక్తి, నాలుగు రోజుల తర్వాత:
అక్కా, మీరన్నట్టే క్యాన్ మీద పన్నెండు దాకా నేరుగా ఎండ పడుతోంది. వేపచెట్టు నీడకు మార్చి ఊరగాయ డబ్బా పెట్టాను, మూడు రోజులుగా చుక్క ఒలకలేదు. అన్నా, డాక్టరు మందిచ్చారు. ఇంకో రెండు పిల్లలు పోయాయి, మిగతావి మేత తింటున్నాయి. పురుగుమందు క్యాన్లు తేలేదు. మేత కోసం నాలుగు అంగుళాల పాత పైపుకు కింద ఎల్బో (వంపు ముక్క) బిగించాను, పొడి మేత మధ్యలోనే ఇరుక్కుంటోంది. ఏం చేయాలి?

జవాబు (కోడుమూరు):
పొడి మేతకు పైపు పనికిరాదు, గింజలు తినే వయసు వచ్చాక వాడుకో. ఇప్పటికి పైపును నిలువునా చీల్చి రెండు చివర్లా మూతలు బిగిస్తే తొట్టి అవుతుంది. సగానికి మించి నింపొద్దు, కాళ్లతో చిమ్మేస్తాయి.