శనివారం కూడిక: హాలు సంగతి అర్జెంట్

మల్కాజిగిరి అక్క, ఉదయం 7:10
అందరికీ వందనాలు. ఇంకా 4 రోజులే ఉంది. మైక్ సెట్, 150 కుర్చీలు, స్వాహిలీ పాట ప్రాక్టీసు, టోలిచౌకి నుంచి విదేశీ స్టూడెంట్స్‌ని తెచ్చే బండి, బగారా రైస్‌కి ఆర్డరు. ఎవరు ఏది చూస్తారో ఈ రాత్రికల్లా చెప్పండి.

మెల్‌బోర్న్ తమ్ముడు, 7:42
బ్యానర్ ఫైల్ పంపాను అక్కా. బైబిల్లో యెషయా 45:22, "భూదిగంతముల నివాసులారా, నా వైపు చూచి రక్షణ పొందుడి". మేం గురువారం దిగుతున్నాం.

బోయిన్‌పల్లి అన్న, 9:05
హాలు ఇవ్వరట. ఇప్పుడే ఫోన్ చేశారు. ఫ్యామిలీ ఫంక్షన్ అనుకున్నారట, ప్రార్థన కూడిక అంటే కుదరదన్నారు. అడ్వాన్స్ గురించి అడిగితే తర్వాత చూద్దామంటున్నారు.

మెల్‌బోర్న్ తమ్ముడు, 9:11
బుక్ చేసేటప్పుడే చెప్పాలి కదన్నా! ఇక్కడ అందరి దగ్గరా డబ్బు పోగుచేసింది నేను. వాళ్లకేం చెప్పను?

బోయిన్‌పల్లి అన్న, 9:14
మూడుసార్లు ఎండలో తిరిగింది నేను. నువ్వు వచ్చి మాట్లాడు.

మెల్‌బోర్న్ తమ్ముడు, 9:20
సరే, మన కుటుంబాల వరకే పెట్టుకుందాం. 40 మంది అవుతాం. స్టూడెంట్స్‌ని వచ్చే ఏడు పిలుద్దాం.

మల్కాజిగిరి అక్క, 9:48
ఆ మాట నాకు చాలా బాధగా ఉంది, తమ్ముడూ. పిలుపు మన వాళ్లకే అయితే ఆ వాక్యం బ్యానర్ మీద ఎందుకు? బైబిల్లో "అన్యజనులు", అంటే యూదులు కానివాళ్లు, అని చదివినప్పుడల్లా ఎవరో అనుకుంటాం. ఆ లెక్కలో మనమే అన్యజనులం. యెరూషలేము నుంచి చూస్తే ఈ హైదరాబాద్ కూడా భూదిగంతమే. అదే అధ్యాయం 20వ వచనంలో, జనాల్లోంచి తప్పించుకొని వచ్చినవాళ్లని దగ్గరికి రమ్మంటాడు దేవుడు. మనం పిలిచినవాళ్లలో ముగ్గురు సూడాన్ పిల్లలు. 2023 ఏప్రిల్ నుంచి వాళ్ల దేశంలో యుద్ధం. వాళ్లకి ఫోన్ చేసి రావద్దని నేను చెప్పలేను.

సైనిక్‌పురి అంకుల్, 10:30
1850 జనవరి 6న ఇంగ్లండ్‌లోని కోల్చెస్టర్‌లో మంచు తుఫాను. ఓ 15 ఏళ్ల అబ్బాయి తను వెళ్లాల్సిన చోటికి చేరలేక, దారిలో ఉన్న చిన్న మెథడిస్టు ప్రార్థనాలయంలోకి వెళ్లాడు. లోపల పది పదిహేను మంది. పాస్టర్ రాలేదు, మామూలు మనిషి ఒకాయన లేచి ఈ 45:22 మీదే మాట్లాడాడు. ఆ రోజే దేవుని వైపు తిరిగిన ఆ అబ్బాయే తర్వాత పేరుమోసిన ప్రసంగీకుడైన చార్లెస్ స్పర్జన్. మా మేడ ఖాళీగానే ఉంది. 80 మంది పడతారు, సర్దుకుంటే ఇంకొందరు.

బోయిన్‌పల్లి అన్న, 10:41
షామియానా నేను వేయిస్తాను అంకుల్. కుర్చీలు పెద్దవాళ్లకే, మిగతావాళ్లకి జంపఖానాలు. మైకు రాత్రి 10 లోపు కట్టేద్దాం.

మెల్‌బోర్న్ తమ్ముడు, 11:02
అన్నా, పొద్దున అలా అనకుండా ఉండాల్సింది. క్షమించు. అడ్వాన్స్ గురించి వచ్చాక ఇద్దరం వెళ్దాం.

బోయిన్‌పల్లి అన్న, 11:04
నేనూ గట్టిగా అన్నాన్లే. ముందు క్షేమంగా రా.

మల్కాజిగిరి అక్క, 11:15
వంట మా ఇంట్లోనే. ఉల్లిపాయలు తరగడానికి నలుగురు శుక్రవారం రాత్రి వచ్చేయండి. ఆ ఒక్క వచనాన్ని స్టూడెంట్స్ ఎవరి భాషలో వాళ్లు చదువుతారు. అంకుల్, మెట్ల దగ్గర లైటు వెలుగుతోందా?

సైనిక్‌పురి అంకుల్, 11:20
బల్బు పోయింది. సాయంత్రం మార్పిస్తాను.