సమస్య: తొక్క తిన్నవాడె దొడ్డవాడు

మాస్టారు: ఈ వారం ఆటవెలది చివరి పాదం ఇచ్చాను. మామూలు బఠాణీ ఒలిచి తొక్క పారేస్తాం, తీపి బఠాణీ రకమైన షుగర్ స్నాప్‌లో మాత్రం తొక్కే అసలు తిండి. మార్చిలో విత్తిన సియాటిల్ వాళ్ళకి జూన్‌లో కాయ చేతికొస్తుంది, పూరించండి.

సియాటిల్ పెరడు:

చలిని మొలచి పెరిగి చక్కగా తీగలై
పందిరెక్కి విరియు పాలవన్నె
పూల వెనుక కాచు బఠాణి చక్కంగ
తొక్క తిన్నవాడె దొడ్డవాడు

మాస్టారు: రెండో పాదం హాయిగా ఉందమ్మా, ఆరడుగులు పాకే తీగ కళ్ళకు కట్టింది. మూడో పాదంలో గణం, యతి రెండూ పోయాయి. ‘బఠాణి’లో మొదట లఘువు, వెంటనే గురువు; ఆ చోట ఇంద్రగణం రావాలి, అలా మొదలయ్యే ఇంద్రగణం లేదు, కాబట్టి దాని ముందు ఇంకో లఘువు ఉండాలి. ‘పూల వెనుక కాచు పొంకమైన బఠాణి’ అనండి, సరిపోతుంది.

డాలస్ వంటిల్లు:

నిండుకాయ కోసి నిలువుంచకప్పుడే
నార తీసి నూనె నడుమ వేసి
రెండు నిముసములకె రేచి మంటను దించు
తొక్క తిన్నవాడె దొడ్డవాడు

మాస్టారు: ‘నిలువుంచకప్పుడే’ భలే పడింది, కోసి ఉంచితే తీపి తగ్గిపోయి పిండి రుచి వస్తుంది కదా. కానీ ‘నూనె నడుమ’ అంటే గారెలు వేయించినట్టుంది. ‘పోపు నడుమ’ అంటే ఛందస్సూ చెడదు, వంటా చెడదు.

డాలస్ వంటిల్లు: మార్చేశాను మాస్టారూ. నార గురించి ఒక్క మాట: తొడిమ దగ్గర చిదిమి కిందికి లాగితే వెన్ను వెంట దారంలా ఊడొస్తుంది, రెండో వైపూ తీయాలి, లేకపోతే పంటికి చుట్టుకుంటుంది. ఆవాలు, ఎండుమిర్చి, వెల్లుల్లి వేగాక కాయలు వేసి, రంగు ఇంకా పచ్చగా ఉండగానే దించి కొబ్బరి చల్లండి.

విత్తనాల బాబాయి: ఈ రకాన్ని ఐడహోలోని ట్విన్ ఫాల్స్‌లో తయారుచేసిన కాల్విన్ లాంబోర్న్ మీద రాశాను. 1979లో దీనికి, కొత్త విత్తన రకాలకిచ్చే ఆల్ అమెరికా సెలక్షన్స్ బంగారు పతకం వచ్చింది.

మందతొక్క జాతి మరియొక జాతితో
సంకరించి తీపి చవులు నింపి
విత్తుకట్టి మనకు విందు చేసె మొదట
తొక్క తిన్నవాడె దొడ్డవాడు

మాస్టారు: ‘మొదట’ని నాలుగో పాదంలోకి జార్చడం ఈ వారం అన్నిటికన్నా మంచి పూరణ. అయితే తొక్కతో తినే పల్చటి బఠాణీ యూరప్‌లో వందల ఏళ్ళుగా ఉంది బాబాయ్, ఆయన చేసింది దాన్ని మందతొక్క రకంతో కలపడం. పద్యంలో అదే ఉంది కాబట్టి పేచీ లేదు.

హైదరాబాద్ మిద్దె: మాకు కుండీల్లో వస్తుందా అండీ?

మాస్టారు: నవంబర్‌లో పెట్టండి, తీగకి వల కట్టండి. ఎండలు 30 డిగ్రీలు దాటాయంటే పూలు రాలిపోతాయి. ఆ రాలే పూల మీద పూరణ ఇంకా ఎవరూ పంపలేదు, అది మీరే అందుకోండి.